కింది పళ్ళ సెట్టు

జూన్ 12

అన్నయ్యకి,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఈపాటికి నన్ను తిట్టుకుంటూ ఉంటావు. బడి తెరిచిన కొత్తలో నాకు ఊపిరి సలపదని నీకు తెలుసుగా. సెలవులకి వెళ్ళిన పిల్లలు నేర్చుకున్న మాటలు సగం ఇంటి దగ్గరే పారేసి వస్తారు. చెవులు వినబడని వాళ్ళకి మాటంటే ఎదుటివాళ్ళ పెదాల మీద చూసి పట్టుకునేదే కదా. రెండు నెలలు ఎవరూ ఓపిగ్గా ముఖం చూపించి మాట్లాడకపోతే ఇంకేం మిగులుతుంది? మళ్ళీ ఒక్కొక్కళ్ళనీ పక్కన కూర్చోబెట్టుకుని, అద్దం ముందు, "ప" దగ్గర నుంచి మొదలు. కాగితం ముక్క నోటి ముందు పట్టుకుని "ప" అంటే అది ఎగరాలి. నిన్న ఒకడు అనలేక ఉఫ్ మని ఊదేశాడు, పైగా గెలిచినట్టు నా వైపు చూశాడు.

అసలు సంగతికి వస్తాను. మా బడిలో కుట్లు, అల్లికలు నేర్పే టీచరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడవీ నాలాగే చిగుళ్ళ జబ్బుతో పళ్ళన్నీ తీసేశారు, సెట్టు పెట్టుకుంటుంది. కింది సెట్టు ఆగడం లేదట. మొన్న బడికి పళ్ళ డాక్టరు వచ్చినప్పుడు పిల్లలతో పాటు ఆవిడా చూపించుకుంది. దవడలో రెండు స్క్రూలు బిగించి వాటి మీద సెట్టు టక్కున కూర్చునేలా చేస్తాం, ముందు వైపు ఎముక దానికి సరిపడా ఇంకా ఉంది, ఆలస్యం చేస్తే అదీ అరిగిపోతుంది అన్నాడట. ఆవిడకి భయం. మా అన్నయ్య పళ్ళ ల్యాబులో ముప్పై ఏళ్ళుగా సెట్లు చేస్తున్నాడు, అడిగి చెప్తానన్నాను. స్క్రూలు మంచివా, మామూలు సెట్టు మంచిదా?

నా సెట్టుకేం, బాగుంది. వదినని అడిగానని చెప్పు.

నీ గిలక

~

జూన్ 25

గిలకకి అన్నయ్య రాసేది,

చిన్నప్పుడు నీ వాగుడు భరించలేక నేను పెట్టిన పేరు అది. మూడు వారాలు నోరు మెదపలేదంటే నమ్మబుద్ధి కాలేదు. "మీరేదో అని ఉంటారు, అందుకే రాయడం మానేసింది" అని మీ వదిన నా మీద తీర్పు కూడా చెప్పేసింది.

మీ కుట్ల టీచరమ్మ సంగతి. ఈ బోల్టుల డాక్టర్లందరిదీ ఒకటే పాట. అయినా ఉన్నమాట చెప్తాను. బోల్టుల మీద కూర్చున్న సెట్టు కదలదు. యాపిల్ కొరికి తినొచ్చు. ఎముక కూడా తొందరగా అరగదు. ఒప్పుకుంటున్నాను. కానీ దానికి ముందు చిగురు కోయాలి, దవడకి కన్నాలు పెట్టాలి, బోల్టు ఎముకలో కలిసిపోయేదాకా నాలుగు నెలలు ఎదురుచూడాలి. కలవకపోతే ఊడబీకాలి. మామూలు సెట్టుకి ఈ తద్దినాలేవీ లేవు. పైది అంగిలికి గాలి పట్టుతో అతుక్కుంటుంది. కిందిదానికి ఆ పట్టు లేదు, మధ్యలో నాలుక ఉంది, అదే దాన్ని లేపేస్తుంది. అందుకే నేనెప్పుడూ అంటాను, కింది సెట్టు సగం చేసినవాడి పని, సగం పెట్టుకున్నవాళ్ళ నాలుక పని. నాలుకని అదుపులో పెట్టుకోవడం చేతకానివాళ్ళు వచ్చి నన్ను తిడతారు.

నిన్ను చూడు. ఆరేళ్ళు అయింది. మధ్యలో రెండుసార్లు కొత్త సెట్టు పంపాను, రెండూ నీ నోటి పాత అచ్చు మీదే. కొత్త కొలత తీయించి పంపమంటే "అక్కర్లేదన్నయ్యా, పాతది అతికినట్టు సరిపోయింది" అన్నావు. ఇంకొకళ్ళకైతే అలా ఛస్తే చెయ్యను. రెండేళ్ళు దాటిన అచ్చు చెత్తబుట్టకే. కానీ నీ నోరు నాకు తెలియదా? నా బల్ల మీద అలమారలో మన ఇంటివాళ్ళ అచ్చులన్నీ ఉన్నాయి, నీది ముందు వరసలో ఉంటుంది.

ఆవిడని కంగారుపడొద్దను. ఓ ఏడాది చూడమను. డాక్టరు దగ్గర కొలత తీయించి పార్సిల్ చేయించు, నేను మంచి సెట్టు చేసి పెడతాను.

అన్నయ్య

~

జూలై 20

అన్నయ్యకి,

పార్సిల్ పంపాను. గుడ్డల్లో చుట్టి, చుట్టూ దూది పెట్టాను. పోస్టాఫీసాయన "గాజు సామానా?" అన్నాడు. అవునన్నాను, పళ్ళు లేని నోరని ఏం చెప్తాను!

ఆవిడ ఒక్క మాట అడగమంది. పొద్దస్తమానం నోరు బాగా తెరిచి మాట్లాడే పనైతే మామూలు సెట్టు ఆగుతుందా? కుట్లు నేర్పేదానికి అంత మాటలేమిటని నువ్వడుగుతావు. ఆవిడకి వాగుడు ఎక్కువలే.

మా పెద్ద టీచరు ఈమధ్య నా క్లాసులో వెనక కూర్చుని నోట్సు రాసుకుంటోంది. "ఆ"కి "ఏ"కి పిల్లలు తేడా పట్టుకోలేకపోతున్నారట. "వాళ్ళు మీ పెదాలు చదవడం లేదమ్మా, ఊహించుకుంటున్నారు" అంది. ఇరవై ఆరేళ్ళ నుంచి చెప్తున్న పాఠం. ఈ మాట నేర్పే క్లాసు తప్ప నాకు ఇంకోటి చేతకాదు, ఇంకోటి అక్కర్లేదు కూడా. ఇంట్లో నేనొక్కదాన్నే, గోడలతో ఎంతసేపని మాట్లాడతాను? ఈ క్లాసు నాకు ఉంచాలో వద్దో వచ్చే ఏప్రిల్‌కి చూసి చెప్తానంది పెద్ద టీచరు.

వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ గిలక

~

ఆగస్టు 18

గిలకా,

ముందు నీ సంగతి. పిల్లలకి కళ్ళు పరీక్ష చేయించు. ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పినదానికి వంక పెట్టడానికి ఆ పెద్ద టీచరెవరు? గట్టిగా అడుగు. నోరున్నదానివి, ఇప్పుడు మూగదానివయ్యావా?

పార్సిల్ వచ్చింది. కొలతలో సున్నం పోసి అచ్చు తీశాను. చూసి నాకు ఒళ్ళు మండింది. పాపం ఆవిడకి కింద చిగుళ్ళ గట్టు అనేదే లేదు. గట్టుండాల్సిన చోట పల్లంగా ఉంది. ఇది ఊరికే అరిగింది కాదు. సరిపోని సెట్టు ఏళ్ళ తరబడి పెట్టుకుంటే, అటూ ఇటూ ఊగుతూ అది ఎముకని ఆకురాయిలా అరగదీస్తుంది. కుడివైపు మరీ దారుణం, ఆ వైపు నొక్కిపెట్టి నిలబెట్టుకుంటున్నట్టుంది. చెప్పులో రాయి ఉంటే తీసి పారేస్తాంగా, ఈవిడ నోట్లో పెట్టుకుని ఎలా తిరిగింది?

ఆ సెట్టు చేసినవాడెవడో కనుక్కో. కొత్త కొలత తీసుకోకుండా గుడ్డిగా చేసి ఇచ్చి ఉంటాడు. అలాంటివాడి చేతులు విరగ్గొట్టాలి. మాలాంటివాళ్ళకి చెడ్డపేరు వచ్చేది ఇలాంటి వెధవల వల్లే. మీ వదినకి కూడా చూపించాను, "ఎవరి పాపమో" అంది.

చిగుళ్ళు వాచి ఉన్నాయి. కొన్నాళ్ళు సెట్టు తీసేసి విశ్రాంతి ఇవ్వమను. ల్యాబులో పని నెత్తిమీద ఉంది, నిదానంగా చేస్తాను. బోల్టుల తొందర మాత్రం పడొద్దను, ముందు నా సెట్టు పెట్టుకుని చూడమను.

అన్నయ్య

~

నవంబరు 3

అన్నయ్యకి,

అక్షరాలు కోడి కెలికినట్టు ఉన్నాయని వెక్కిరించకు. సెప్టెంబరులో బడి మెట్ల మీద జారి కుడిచెయ్యి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఇంత చిన్న దెబ్బకే విరిగిందేమిటని పరీక్షలు చేసి, ఎముకలు గుల్లబారాయన్నారు. సెలైనులా ఎక్కించే మందు ఒకటి ఇచ్చారు, ఏడాదికి ఒకసారి చాలట. ఇంత మంచి మందు ముందే తెలిస్తే బాగుండేది. నువ్వు కంగారుపడతావని అప్పుడు రాయలేదు.

కుట్ల టీచరమ్మ నీకు థాంక్స్ చెప్పమంది. సెట్టు అక్కర్లేదట, ఉన్నదానికే అలవాటు పడిందట. ఆ అచ్చు పారెయ్యి. పాత సెట్టు చేసినాయన చాలా మంచాయనట అన్నయ్యా. ఆయన తప్పేం లేదంటుంది. మళ్ళీ అలా రాయకు, చదివి చాలా బాధపడింది.

నా క్లాసు పిల్లల్లో నలుగురిని వేరే గదికి మార్చారు. చెయ్యి బాగయ్యేదాకా అన్నారు.

గిలక

~

డిసెంబరు 14

గిలకా,

ఇది నాలుగోసారి మొదలుపెట్టడం.

నువ్వు వద్దన్నా ఆ టీచరమ్మకి సెట్టు చేద్దామనే అనుకున్నాను. నా పంతం నీకు తెలుసు. పోయిన ఆదివారం పై అచ్చు తీసి అంగిలి మీద మైనం పరుస్తున్నాను. అంగిలి ముందు భాగంలో మడతలుంటాయి. వేలిముద్రల్లాగే ఒకళ్ళవి ఇంకొకళ్ళకి ఉండవు. పళ్ళు పోయినా, ఎముక పోయినా అవి మారవు. బొటనవేలితో మైనం నొక్కుతుంటే ఎడమవైపు ఒక మడత రెండుగా చీలి మళ్ళీ కలిసింది. నా వేలికి అది తెలుసు. లేచి అలమారలోంచి నీ అచ్చు తీసి పక్కన పెట్టాను.

మీ వదిన అన్నానికి పిలుస్తోంది. నేను రెండు అచ్చులూ పట్టుకుని అలాగే కూర్చున్నాను. పైవి రెండూ ఒకటే నోరు. కిందవి రెండూ పక్కపక్కన పెడితే, ఒకటి మనిషి దవడ, ఇంకొకటి ఏమనాలో నాకు తెలియదు. ఆ మధ్యలో ఉన్న ఆరేళ్ళూ నేను చేసినవే.

చేతులు విరగ్గొట్టాలని నీకే రాశాను. నువ్వు అది చదివి, విరిగిన చేత్తో, ఆయన మంచాయన అని జవాబు రాశావు.

ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట, "అన్నయ్యా, కదులుతోంది" అంటే సరిపోయేదిగా! సొంత చెల్లెలని చెప్పి ఉంటే ఏడాది ఆగమని అనేవాణ్ణా? ముక్కూ మొహం తెలియని మనిషి కదా అని నోటికొచ్చింది రాసి పడేశాను. అది ఇంకా సిగ్గుచేటు.

సరే, ఇప్పుడైనా విను. వెంటనే ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళు. బోల్టులు వేయించు. నేను ముప్పై ఏళ్ళు వాటిని వెక్కిరించాను, ఇప్పుడు అవే కావాలంటున్నాను. డబ్బు సంగతి నువ్వు ఆలోచించకు. నేనూ మీ వదినా వచ్చి నీ దగ్గరే ఉంటాం. ఇంకొక మాట. ఇక మీదట నా దగ్గర ఏదీ దాచొద్దు. ఎంత చేదైనా సరే, రాయి. నా మీద ఒట్టు.

అన్నయ్య

~

ఫిబ్రవరి 2

అన్నయ్యకి,

ఒట్టు పెట్టావు కాబట్టి మొత్తం రాస్తున్నాను.

పళ్ళు తీసేసిన కొత్తలో అద్దం చూసుకోలేక మీ ఇంట్లో ముసుగేసుకుని పడుకున్నాను, గుర్తుందా? నువ్వు రెండు వారాలు కూర్చుని, ఒక్కో పన్నూ నా పాత ఫోటో చూసి పేర్చావు. ముందు పన్ను కొంచెం వంకరగా ఉండేదని అలాగే వంకరగా పెట్టావు. పెట్టుకుని నవ్వితే నువ్వు ఏడ్చావు. అలాంటిది రెండేళ్ళకి కదులుతోందని ఎలా రాయను? కొత్త కొలతకి వెళ్తే అక్కడి డాక్టరు నీకు చెప్తాడని వెళ్ళలేదు. పంటి బిగువున నెట్టుకొచ్చాను. నాలుకతో వెనక్కి పట్టుకోవడం, కుడివైపు పెదవితో నొక్కడం, నోరు ఎక్కువ తెరవకపోవడం, అన్నీ వాటంతటవే అలవాటయ్యాయి. తర్వాత బాగానే ఉందని నేనూ నమ్మాను.

బడికొచ్చిన ఆ డాక్టరే స్కాన్ తీశాడు. పోయిన జూన్‌లో ఉన్నంత ఎముక ఇప్పుడు లేదు. తుంటి ఎముక కొంచెం తీసి అక్కడ అతికించి, తర్వాత స్క్రూలు వేసే పద్ధతి ఉందట. సరేనన్నాను. అప్పుడు ఏమేం మందులు వాడుతున్నారని అడిగాడు. ఎముకల మందు చీటీ చూపించాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

ఆ మందు ఎక్కించుకున్నాక దవడ కోస్తే ఒక్కోసారి మానదట. ఎముక లోపలే కుళ్ళుతుందట. ఒంట్లోంచి పోవడానికి ఏళ్ళు పడుతుందట. "మీ దవడలాంటి దాంట్లో నేను చెయ్యి పెట్టనండి" అన్నాడు. ఇంకో ఇద్దరిని అడిగాను. ఒకాయన అదే అన్నాడు, ఒకావిడ చీటీ చూసి తిరిగి ఇచ్చేసింది. జూన్‌లో అయితే అరగంట పనట.

నిన్ను నొప్పించాలని కాదు. రమ్మని చెప్పడం లేదు, వచ్చి చేసేదేం లేదు. వదిన మోకాలితో అంత దూరం వద్దు.

గిలక

~

ఫిబ్రవరి 27

గిలకా,

నీ ఉత్తరం మీ వదినే చదివి వినిపించింది. నేను సగంలో బయటికి వెళ్ళిపోయాను.

మూడు వారాలు ల్యాబుకి పోలేదు. పోయినా కింది సెట్లు నేను చెయ్యనని చెప్పేశాను. ఇంట్లోనే కూర్చుని ఒక్కటి మాత్రం చేశాను. దీంతో పాటు పంపుతున్నాను. కొత్త అచ్చు మీద చేసింది. అంచులు నాలుగుసార్లు దిద్దాను, పళ్ళు నాలుకకి అడ్డం రాకుండా లోపలికి తెచ్చాను. నా జీవితంలో ఇంతకన్నా మంచిది చెయ్యలేదు. అయినా గట్టు లేని చోట ఏ సెట్టు ఎంతసేపు కూర్చుంటుందో నాకు తెలుసు. నీకు తప్పుడు ఆశ పెట్టను.

ఎలా ఉందో రాయి. బాగుందని మాత్రం రాయకు.

అన్నయ్య

~

ఏప్రిల్ 11

అన్నయ్యకి,

సెట్టు వచ్చింది. ఊరికే కూర్చుంటే ఇంతకు ముందువాటికన్నా ఎంతో హాయిగా ఉంది. నమలడానికి మెత్తనివైతే ఫరవాలేదు. నోరు తెరిస్తే లేస్తుంది. నువ్వన్నట్టే రాశాను.

నా దగ్గర నుంచి మాట క్లాసు తీసేశారు. నన్ను హాజరు పట్టీలు, పుస్తకాల గది చూసుకోమన్నారు. పెద్ద టీచరు మర్యాదగానే చెప్పింది. ఆవిడని తప్పుపట్టను, నువ్వూ తిట్టకు. కొత్తగా ఒకమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో, చక్కటి పలువరస, నవ్వితే గదంతా తెలుస్తుంది. మొదటి రోజు నా కుర్చీలో కూర్చోవడానికి మొహమాటపడి నిలబడే పాఠం చెప్పింది.

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు పక్కన పెట్టాను. ఇంతటితో ఆపేద్దామనే అనుకున్నాను. కానీ ఒట్టు వేయించావు.

పోయిన వారం ఆ అమ్మాయి పెద్ద టీచరు దగ్గరికి వెళ్ళి, ఈ పిల్లలకి దవడలో ఏదైనా జబ్బుందా అని అడిగింది. ఒక్కొక్కళ్ళనీ అద్దం ముందు కూర్చోబెట్టి "ఆ" అనమంటే బొటనవేలి మందం కన్నా తెరవడం లేదట. ఏ మాటకైనా ముందు నాలుక వెనక్కి లాక్కుని పళ్ళు ఒకసారి గట్టిగా కరుస్తున్నారట. కుడివైపు పెదవి కిందకి బిగిస్తున్నారట. ఒకళ్ళు కాదు, ఇద్దరు కాదు, చిన్నక్లాసుల వాళ్ళంతా. పై క్లాసుల వాళ్ళని పిలిచి చూశారు, ఏడెనిమిదేళ్ళ కిందట నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళు శుభ్రంగా నోరు తెరిచి మాట్లాడుతున్నారు. పెద్ద టీచరు నన్ను పిలిచి ఇదంతా చెప్పింది. ఎందుకో మీకేమైనా తెలుసా అని అడిగింది. తెలియదన్నాను.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు తిండికి వెళ్ళినప్పుడు ఒక పాప గదిలోనే ఉండిపోయింది. తొమ్మిదేళ్ళది, "ప" దగ్గర నుంచి ప్రతి మాటా నా దగ్గరే నేర్చుకుంది. అద్దం ముందు పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఒక్కసారైనా సరిగ్గా చూపించాలని నోరు బాగా తెరిచి "ఆ" అన్నాను. సెట్టు లేచి పడింది. గబుక్కున చేత్తో నోరు మూసుకున్నాను. తర్వాత నువ్వు అనమని పాపకి సైగ చేశాను. అది నోరు కొంచెం తెరిచింది, పళ్ళు కరిచింది, పెదవి ఒక పక్కకి బిగించింది, చెయ్యి తెచ్చి నోటికి అడ్డం పెట్టుకుంది. పెట్టుకుని, బాగా అన్నానా అని కళ్ళతో అడిగింది.

బాగా అన్నావని తల ఊపాను. ఇంకేం చెయ్యను?

లెక్కపెట్టాను అన్నయ్యా, నలభై ఒక్కమంది. ఆ చిన్న వయసులో పట్టుబడింది తర్వాత మార్చడం కష్టమని ఈ పనిలో చేరిన మొదటి రోజే మాకు చెప్తారు. నా నోట్లో ఉన్నది ఉన్నట్టు నేర్చుకున్నారు. ఒక్కరు కూడా తప్పు చెయ్యలేదు.

నీ చెల్లెలు